మానవ వనరుల ఉద్యోగాలు

ఒక సంస్థకు కావలసిన సిబ్బందిని ఎంపిక చెయ్యడం, వారి జీతభత్యాలు లెక్కకట్టడం, శిక్షణ ఇప్పించడం, పనితీరును మదింపు చెయ్యడం, తగాదాలు వచ్చినపుడు పరిష్కరించడం, ఉద్యోగం వదిలి వెళ్ళేవారికి రావలసిన బకాయిలు చెల్లించడం - ఈ పనులన్నిటినీ కలిపి మానవ వనరుల నిర్వహణ అంటారు. ఈ పనులు చేసేవారి ఉద్యోగాలే మానవ వనరుల ఉద్యోగాలు. వాడుకలో వీటిని హెచ్.ఆర్. ఉద్యోగాలు అంటారు. పూర్వం కంపెనీలలో ఈ విభాగాన్ని పర్సనల్ డిపార్టుమెంటు అనేవారు. ప్రభుత్వ కార్యాలయాలలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను అనే పేరు నేటికీ వాడుకలో ఉంది. పేరు ఏదైనా ఒక మనిషికి ఉద్యోగం రావడం, జీతం పెరగడం, పదోన్నతి అందడం లేక ఆగిపోవడం చాలావరకు ఈ విభాగంలోని కాగితాల మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

పెద్ద సంస్థలలో సిబ్బంది విభాగాలు ఏర్పడక ముందు కూలీలను కుదిర్చే పని మేస్త్రీలది. తెలుగు జిల్లాల నుండి బర్మాకు వెళ్ళిన కూలీలను మేస్త్రీలు, మలయా తోటలకు వెళ్ళినవారిని కంగాణీలు తీసుకువెళ్ళేవారు. ముందుగా బయానా ఇవ్వడం, ఓడ ఖర్చు పెట్టడం, అక్కడ పని పురమాయించడం, కూలి డబ్బుల నుండి బాకీ మినహాయించుకోవడం అన్నీ వారే చేసేవారు. నియామకం, అజమాయిషీ, అప్పు ఒకే మనిషి చేతిలో ఉండడమే ఈ పద్ధతిలోని అసలు లోపం. నూలు మిల్లులు, జనపనార మిల్లులలో కూడా పని దొరకాలన్నా, ఉన్న పని నిలబడాలన్నా మేస్త్రీకి మామూళ్ళు ఇవ్వవలసి వచ్చేది.

1929లో బ్రిటిషు ప్రభుత్వం నియమించిన విట్లీ కమిషను 1931లో ఇచ్చిన నివేదికలో, నియామకాలను మేస్త్రీల చేతి నుండి తప్పించి లేబర్ ఆఫీసరు అనే ప్రత్యేక అధికారికి అప్పగించాలని సిఫారసు చేసింది. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 49వ సెక్షను ప్రకారం 500 లేక అంతకు మించి కార్మికులున్న ప్రతి కర్మాగారంలో సంక్షేమ అధికారి ఉండడం తప్పనిసరి అయింది. భారతదేశంలో హెచ్.ఆర్. వృత్తికి చట్టబద్ధమైన పునాది ఇదే అనవచ్చు. ఈ అధికారికి కార్మికులలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలిసి ఉండాలని పలు రాష్ట్రాల నియమాలలో ఉంది. కార్మికులకు వ్యతిరేకంగా యాజమాన్యం తరపున కోర్టులకు, ట్రిబ్యునళ్ళకు హాజరు కాకూడదన్న నిబంధన కూడా కొన్నిచోట్ల ఉండేది. జీతం ఇచ్చేది యాజమాన్యం, చూడవలసింది కార్మికుల మేలు. ఈ ఇరకాటం ఈ ఉద్యోగంతోనే పుట్టింది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి రావడంతో కర్మాగారాల చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి వచ్చింది. ఇందులో సంక్షేమ అధికారి ఉండవలసిన పరిమితిని 250 మంది కార్మికులకు తగ్గించారు.

కార్మిక సంబంధాల చరిత్రలో తెలుగువారికి బాగా తెలిసిన పేరు వి.వి.గిరి. బరంపురంలో జన్మించిన ఆయన 1952 నుండి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. తగాదాలను నిర్బంధంగా ట్రిబ్యునళ్ళకు పంపడం కంటే యాజమాన్యము, కార్మిక సంఘము ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే మేలని ఆయన వాదించారు. దీనినే గిరి విధానం అన్నారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలకు సంబంధించిన తీర్పును ప్రభుత్వం సవరించినపుడు 1954లో ఆయన పదవికి రాజీనామా చేశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

పర్సనల్ అన్న పేరు మారడానికి దారితీసిన సంఘటన 1970లలో జరిగింది. లార్సన్ అండ్ టూబ్రో కంపెనీ తన ఉద్యోగుల మదింపు పద్ధతిని పరిశీలించమని అహ్మదాబాదు ఐఐఎం ఆచార్యులు ఉదయ్ పరీక్, టి.వి.రావులను 1974లో కోరింది. మార్కులు వెయ్యడంతో సరిపెట్టక ఉద్యోగి ఎదుగుదల చూసేందుకు ప్రత్యేక విభాగం ఉండాలని వారు సూచించారు. ఆ విధంగా 1975లో మానవ వనరుల అభివృద్ధి విభాగం ఏర్పడింది. దేశంలో ఇటువంటి విభాగాలలో ఇదే మొదటిదిగా చెబుతారు.

ఉద్యోగాలలో రకాలు

పెద్ద కంపెనీలలో ఒక్కొక్క పనికి వేరువేరుగా మనుషులు ఉంటారు. అభ్యర్థులను వెదికి ఇంటర్వ్యూలు ఏర్పాటు చేసేవారిని రిక్రూటర్లు అంటారు. కొత్తగా డిగ్రీ ముగించినవారికి ఎక్కువగా దొరికేది ఈ పనే. హైదరాబాదులో ఐటీ కంపెనీలకు మనుషులను సరఫరా చేసే కన్సల్టెన్సీలలో వేలాదిమంది ఇలా మొదలుపెట్టినవారే. ఎంతమందిని చేర్పించారన్న లెక్క మీదనే వీరి జీతం, ఉద్యోగం ఆధారపడి ఉంటాయి కాబట్టి ఇది సిబ్బంది పని కంటే అమ్మకాల పనికే దగ్గరగా ఉంటుంది.

శిక్షణ అధికారి, జీతభత్యాల విశ్లేషకుడు, కార్మిక సంబంధాల అధికారి తరువాతి రకాలు. ఒక్కొక్క శాఖాధిపతికి తోడుగా ఉంటూ ఆ శాఖ సిబ్బంది వ్యవహారాలన్నీ చూసేవారిని బిజినెస్ పార్టనర్ అంటారు.

బయటివారికి కనబడని ముఖ్యమైన ఉద్యోగం పేరోల్. నెలనెలా హాజరు, సెలవులు, ఓవర్‌టైము లెక్కచూసి జీతం వెయ్యడం, భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. చందాలు జమచెయ్యడం వీరి పని. ఇక్కడ జరిగే చిన్న పొరపాటు కార్మికునికి ఏళ్ళ తరువాత గాని తెలియదు. తెలుగువారికి ఇంటిపేరు ముందు ఉండడం వలన ఒక చిక్కు తరచుగా వస్తుంది. పదవ తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, కంపెనీ రికార్డులో పేరు చివర ఉంటే భవిష్యనిధి ఖాతాలో పేరు కలవదు. అవసరానికి డబ్బు తీసుకోబోయినపుడు దరఖాస్తు తిరిగి వస్తుంది. చేరిన మొదటి రోజున పత్రాలు సరిచూసే గుమాస్తా శ్రద్ధ విలువ అప్పుడు తెలుస్తుంది.

2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేక అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి కార్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. ఈ కమిటీని ఏర్పరచడం, దానికి శిక్షణ ఇప్పించడం సాధారణంగా హెచ్.ఆర్. బాధ్యత.

పనితీరు మదింపు

ఉద్యోగి ఏడాదిలో చేసిన పనిని పై అధికారి అంచనా వెయ్యడాన్ని పనితీరు మదింపు అంటారు. ఏడాది మొదట లక్ష్యాలు నిర్ణయించడం, మధ్యలో సమీక్షించడం, చివర మదింపు చెయ్యడం, దానిని బట్టి జీతం పెంచడం - ఈ మొత్తం వరుసను పనితీరు నిర్వహణ అంటారు.

ప్రభుత్వంలో చాలాకాలం వార్షిక రహస్య నివేదికలు ఉండేవి. తనను గురించి ఏమి వ్రాశారో ఉద్యోగికి తెలియదు. ప్రతికూలమైన వ్యాఖ్య ఉంటేనే తెలియజేసేవారు. సరిహద్దు రహదారుల విభాగంలో ఒక ఇంజనీరుకు 1993-94లో "బాగు" అని వ్రాశారు. పదోన్నతికి ఐదేళ్ళు వరుసగా "చాలా బాగు" కావలసి ఉండడంతో ఆ మంచి మాటే ఆయనకు అడ్డుపడింది. చెడు వ్యాఖ్య కాదు గనుక ఆ సంగతి ఆయనకు తెలియజేయలేదు. దేవ్ దత్ కేసుగా పేరుపొందిన ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు 2008లో తీర్పునిస్తూ, మంచిదైనా చెడ్డదైనా ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని ధ్రువపరచింది. కేంద్ర ప్రభుత్వం 2009లో రహస్య నివేదిక పేరును వార్షిక పనితీరు మదింపు నివేదికగా మార్చి, పూర్తి నివేదికను ఉద్యోగికి చూపాలని ఆదేశించింది.

ప్రైవేటు కంపెనీలలో వివాదం వేరు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జాక్ వెల్చ్ కాలంలో ప్రచారంలోకి వచ్చిన పద్ధతిలో ఉద్యోగులను వరుసపెట్టి, అడుగున ఉన్న పదిశాతాన్ని తొలగించేవారు. జట్టులో అందరూ బాగా పనిచేసినా ఎవరో ఒకరికి తక్కువ మార్కు వెయ్యక తప్పదు. అడోబ్ సంస్థ వార్షిక మదింపును 2012లో రద్దుచేసి తరచు మాట్లాడుకునే పద్ధతి పెట్టింది. అప్పుడు దానికి ముఖ్య కార్యనిర్వాహకుడు హైదరాబాదులో పుట్టిన శంతను నారాయణ్. మైక్రోసాఫ్ట్ ఈ వరుసల పద్ధతిని 2013 నవంబరులో మానుకుంది. మూడు నెలలకు సత్య నాదెళ్ళ ఆ సంస్థ పగ్గాలు చేపట్టారు.

తక్కువ మార్కు వచ్చినవారికి సాధారణంగా కొన్ని వారాలు లేక నెలల గడువుతో పనితీరు మెరుగుదల ప్రణాళిక ఇస్తారు. పేరులో మెరుగుదల ఉన్నా, చాలామంది ఉద్యోగులు దీనిని తొలగింపుకు ముందు నోటీసుగానే భావిస్తారు. అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేసే తెలుగువారికి ఇది మరింత కఠినం. 2017 జనవరి నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల మరో యజమాని దరఖాస్తు చెయ్యాలి, లేక వీసా మార్చుకోవాలి, లేక దేశం విడవాలి. పిల్లల బడి, ఇంటి అప్పు ఆ 60 రోజులలోనే తేలాలి.

నెల్లూరు ప్రాంతంలో

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వంటి వరి మండలాలలోని బియ్యం మిల్లులలో హెచ్.ఆర్. అనే పేరుతో ఉద్యోగం అరుదు. హాజరు పట్టీ, కూలి లెక్క, అడ్వాన్సుల పద్దు గుమాస్తా చూస్తాడు. హమాలీల ముఠాను మేస్త్రీ నడుపుతాడు. మూటల లెక్కన కూలి ఇచ్చే ఈ పనిలో మదింపు ఏ రోజుకారోజే జరిగిపోతుంది.

బుచ్చిరెడ్డిపాలెం నగర పంచాయతీకి 2021 నవంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. ఇటువంటి స్థానిక సంస్థలలో సర్వీసు రిజిస్టర్లు, ఇంక్రిమెంట్లు, సెలవులు చూసే గుమాస్తాలే సిబ్బంది అధికారులు. 2019 అక్టోబరు 2న ఆంధ్ర ప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనపుడు లక్షకు పైగా యువతీయువకులు నెలకు 15,000 రూపాయల జీతంతో, రెండేళ్ళ ప్రొబేషనుతో చేరారు. రెండేళ్ళు 2021 అక్టోబరుకు నిండాయి. ఖరారు ఆలస్యం కావడంతో 2022 జనవరిలో వారు నిరసనలు తెలిపారు. చివరకు 2022 జూలై నుండి పూర్తి వేతన స్కేలు అందింది. ప్రొబేషను కాగితాలు కదలడానికి పట్టిన తొమ్మిది నెలలు ఎన్ని కుటుంబాలను తాకాయో దీనిని బట్టి ఊహించవచ్చు.

పెద్ద కర్మాగారాలలో హెచ్.ఆర్. ఉద్యోగం కోరే ఈ ప్రాంత విద్యార్థులు కృష్ణపట్నం పరిసరాలకు, తడ వద్ద మాంబట్టుకు, 2008లో మొదలైన శ్రీసిటీకి వెళుతుంటారు. 2022లో జిల్లాల విభజన తరువాత తడ, శ్రీసిటీ తిరుపతి జిల్లాలో ఉన్నాయి. అక్కడి పాదరక్షల, ఎలక్ట్రానిక్ వస్తువుల కర్మాగారాలలో పల్లెల నుండి వచ్చే ఆడపిల్లలు ఎక్కువ. కాబట్టి బస్సులు, హాస్టళ్ళు, భోజనశాల, రాత్రి షిఫ్టు భద్రత చూడడమే అక్కడి సిబ్బంది అధికారికి పెద్ద పని.

చదువులు

ఎం.బి.ఏ.లో మానవ వనరులు ప్రత్యేకాంశంగా తీసుకోవడం సాధారణ మార్గం. సంక్షేమ అధికారి ఉద్యోగాలకు ఎం.ఎస్.డబ్ల్యు. చదివినవారిని కూడా తీసుకుంటారు. నెల్లూరు సమీపంలో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం రాష్ట్రంలో ఉన్నవి. దేశంలో ఈ రంగానికి పేరుపొందిన సంస్థలు జంషెడ్‌పూర్‌లోని ఎక్స్.ఎల్.ఆర్.ఐ. (1949), ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (1936). హైదరాబాదులో 1956లో స్థాపించిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉద్యోగంలో ఉన్న అధికారులకు శిక్షణ ఇస్తుంది.

పట్టాతో పాటు కార్మిక చట్టాల పరిజ్ఞానం, లెక్కల పట్టిక మీద పట్టు అవసరం. 2025 తరువాత చేరేవారు కొత్త స్మృతులనే చదువుకోవాలి. పాత గైడు పుస్తకాలలోని సెక్షను సంఖ్యలు, కార్మికుల సంఖ్య పరిమితులు చాలావరకు మారాయి. ఉదాహరణకు స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే పరిమితి కేంద్ర చట్టంలో 100 మంది నుండి 300 మందికి పెరిగింది. 20 మంది లేక అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి.