గాజర్ తెలుగు కాదట!

ఓ వంటల వ్యాసంలో నేను ‘గాజర్ కా హల్వా’ అని రాస్తే, డెస్కులో ఒకాయన గాజర్ కొట్టేసి క్యారెట్ అని దిద్దాడు. “తెలుగులో రాయండి భాయ్” అన్నాడు. క్యారెట్ ఎప్పుడు తెలుగైందో!

పగిడ్యాలలో అమ్మీకి ఈ సంగతి చెప్పాను. ఆమె ఫిక్ర్ వేరే. నేను నందికొట్కూరు నుంచి తెచ్చిన నారింజ రంగు గడ్డలు చూసి, “అస్లీ గాజర్ లాల్ ఉంటది బేటా” అంది. హైదరాబాదులో మామూ ఇంట్లో చలికాలం తిన్న ఎర్రగాజర్‌ను ఆమె మరవలేదు.

తవారీఖ్ చూస్తే నారింజ రంగే కొత్త మెహమాన్. జంగ్లీ గాజర్ వేరు సన్నగా, తెల్లగా ఉంటుంది. జీలకర్ర, ధనియాలు, సోంపు దాని ఖాందానే; గొడుగుల్లాంటి పూలగుత్తులు చూడండి. వెయ్యేళ్ల కిందటే ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వైపు రైతులు ఊదా, పసుపు రకాలు పండించారు. 12వ శతాబ్దపు సెవిల్లెలో ఇబ్న్ అల్ అవ్వామ్ తన ‘కితాబ్ అల్ ఫిలాహా’లో దీని సాగు రాశాడు. నారింజ రకం 16, 17 శతాబ్దాల్లో హాలండ్‌లో స్థిరపడింది. అక్కడి రాజవంశం కోసమే ఆ రంగు తెచ్చారన్న కిస్సాకు మాత్రం సబూత్ లేదు.

ఎర్రగాజర్‌కు ఆ రంగు లైకోపీన్‌ది, టమాటాలో ఉండేదే. అది మైదానాల్లోనే విత్తనం కడుతుంది. నారింజ రకానికి కొండల చలి కావాలి.

ఇక మాట. అరబీలో జజర్, ఫార్సీలో గజర్, సంస్కృతంలో గర్జర. మన తెలుగులో? గాజరగడ్డ!

హల్వా ఆ నారింజ గడ్డలతోనే అయింది. అమ్మీ గొణుగుతూనే రెండోసారి వడ్డించుకుంది.