మాటకు మార్గము: హెడ్‌సెట్టును వైర్‌లెస్ సెట్టును కలిపిన కథ



తగరపువలసలో గోస్తనీనది యొడ్డున నిలిచి, ఆవలి యొడ్డునున్న మనుష్యుని కేకవైచి పిలిచిన యనుభవము మన పెద్దలలో చాలమందికి గలదు. గాలి యెదురైనచో మాట దరి చేరదు. ఇద్దరు నొక్కసారి కేకలు వేసినచో నెవ్వరి మాటయు నెవ్వరికిని వినబడదు. ఒకరు పలికి యూరకుండవలెను. పిమ్మట రెండవవారు బదులు చెప్పవలెను. చిట్టివలస జూట్ మిల్లు నడచుచుండిన దినములలో మగ్గముల నడుమ పనిచేసినవారికి మరియొక సంగతియు తెలియును. ఆ హోరులో ప్రక్కనున్నవాని మాటయైనను చెవియొద్ద నోరుంచి చెప్పినగాని వినరాదు. దూరము, హోరు అను నీ రెండును మాటకు శత్రువులు. దూరమును జయించుటకు వైర్‌లెస్ పుట్టినది. హోరును జయించుటకు హెడ్‌సెట్టు పుట్టినది. ఈ రెంటిని కలుపుట యేల కష్టమైనదో నేడు మీకు విన్నవింతును.

ఇది కేవలము యంత్రములవారి ముచ్చట కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. కైలాసగిరిపైనున్న వాతావరణశాఖవారి రాడార్ దెబ్బతినెను. కరెంటు స్తంభములు కూలెను, సెల్‌ఫోనులు మూగవోయెను. కన్నబిడ్డలు బ్రతికియున్నారో లేదో తెలియక దూరపు ఊళ్లలోనివారు తల్లడిల్లిరి. అట్టి వేళ స్తంభములతో గాని టవర్లతో గాని పనిలేక, ఒక బ్యాటరీ, ఒక ఏరియలు ఉన్నచో పలుకగలిగినది వైర్‌లెస్ సెట్టు మాత్రమే. హామ్ రేడియోవారు హైదరాబాదునుండి వచ్చి సహాయకార్యములకు తోడ్పడిరి. అంతకుముందు 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, శ్రీమతి భారతీ ప్రసాద్ గారి బృందము పోర్టుబ్లెయిరులోనుండి అండమాను సమాచారములను ఇదే విధముగ దేశమునకు చేరవేసెను.

ఇక పూర్వకథకు వత్తము. 1876లో గ్రాహం బెల్ టెలిఫోను కనిపెట్టెను. తరువాతి రెండు సంవత్సరములలో ఎడిసన్, హ్యూస్ మొదలగువారు బొగ్గు మైకును తీర్చిరి. దానియందు బొగ్గు గుండా సన్నని విద్యుత్తు పారుచుండును. మనము పలుకగా బొగ్గు నొక్కబడి, వదలబడి, ఆ ప్రవాహము హెచ్చు తగ్గులగును. కావున బొగ్గు మైకు పలుకవలెనన్న దానికి వెలుపలినుండి విద్యుత్తు నీయవలెను. ఈ మాట గుర్తుంచుకొనుడు. మన కథకు కీలకమిదియే.

1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు తీగ లేకయే దూరమున గంట మ్రోగించి చూపిరి. 1900 డిసెంబరులో అమెరికాలో ఫెసెండెన్ అనునాతడు మనుష్యుని మాటను తీగ లేక సుమారొక మైలు పంపెను. 1910లో యూటా రాష్ట్రములో నథానియల్ బాల్డ్విన్ తన వంటయింట చేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము కొనెను. ఓడలలో మందధ్వనిని వినుటకు అవి వరమయ్యెను.

మొదటి మహాయుద్ధమునాటి విమానములలో శిక్షకుడు తన మాటను శిష్యుని చెవికి రబ్బరు గొట్టము ద్వారా పంపెడివాడు. 1917లో ఇంగ్లండులోని గాస్‌పోర్టున ఆ పద్ధతి ప్రసిద్ధికెక్కెను. తరువాత గొట్టము పోయి తీగ వచ్చెను, మైకు వచ్చెను. ఒక విమానములోనివారు తమలో తాము మాటలాడుకొను నీ యేర్పాటునకు ఇంటర్‌కమ్ అని పేరు. 1933లో అమెరికాలోని బేయన్ పట్టణపు పోలీసులు కారులోనుండి రెండు ప్రక్కల మాటలాడగల వైర్‌లెస్‌ను వాడిరి. 1940లో చేతబట్టుకొను సెట్టు రూపొందెను, 1943లో వీపున మోయు సెట్టు సైన్యమునకు వచ్చెను.

ఇట్లు హెడ్‌సెట్టు ఒక యింట, వైర్‌లెస్ సెట్టు వేరొక యింట పెరిగినవి. తీగలు రెండును ముడివేసినంతమాత్రమున అవి కలియవు. ఏలన, మొదటిది: విమానపు హెడ్‌సెట్టు మైకులో నేడు బొగ్గు లేకున్నను, పాతయంత్రములతో పొత్తు చెడకుండుటకై నేటికిని 8 మొదలు 16 వోల్టుల విద్యుత్తును కోరును. అయస్కాంతపు మైకు అట్లు కోరదు గాని, దాని ధ్వని వోల్టులో వేయవ వంతుల లెక్కన మాత్రమే యుండును. ఒకదాని స్థానమున వేరొకటి పెట్టినచో మాట విరిగిపోవును, లేదా వినబడనే వినబడదు.

రెండవది: సెట్టులోని స్పీకరు సాధారణముగ 8 ఓములది, విమానపు హెడ్‌సెట్టు చెవిభాగము నూటయేబదియు, అంతకు మించియు ఉండును. స్పీకరును మ్రోగించుటకై పుట్టిన ధ్వనిని తగ్గింపక నేరుగ చెవిలో పోసినచో చెవికే ముప్పు.

మూడవది మిక్కిలి ముఖ్యము. ఇంటర్‌కమ్‌లో అందరును ఎప్పుడైనను పలుకవచ్చును. వైర్‌లెస్‌లో మీట నొక్కి పలుకవలెను, వదలి వినవలెను. గోస్తనీ యొడ్డున కేకలవంటిదే. కొన్ని చేతిసెట్లలో మైకు తీగలో విద్యుత్తు పారుటయే మీట నొక్కుటకు గుర్తు. మీట పెట్టక మైకును నేరుగ తగిలించినచో ఆ సెట్టు తెంపు లేక పలుకుచునే యుండును. ఆ యొక్క సెట్టు వలన ఆ తరంగముపైనున్న తక్కినవారందరి మాటయు అణగిపోవును. తుపాను రాత్రి పడవవారు సహాయము కొరకు పిలిచినను ఎవ్వరును వినలేరు. కలిపినవానికి దోషము కనబడదు. అవతలివానికి ప్రాణము పోవును.

కనుక నడుమ నొక చిన్న పెట్టె యవసరము. అది మైకునకు తగిన విద్యుత్తు నీయవలెను, ధ్వనిని తగ్గించియో పెంచియో సరిచేయవలెను, మీటను వేరుగ నుంచవలెను. కూర్చినపిదప రెండవ సెట్టుతో వినిచూచి, మీట వదలగనే మౌనము కలుగుచున్నదని నిశ్చయించుకొనవలెను.

పెద్దలారా, మీ గ్రామములలో యంత్రములపై మక్కువగల పిల్లలుందురు. హామ్ రేడియోకు ప్రభుత్వపు పరీక్షయు, లైసెన్సును గలవు. వారినందులకు ప్రోత్సహింపుడు. మీట నొక్కుటకంటె దానిని సకాలమున వదలుటయే గొప్ప విద్యయని వారికి చెప్పుడు. సభలో మాటలాడుటకును ఈ నీతియే వర్తించునని మీకు నేను చెప్పనక్కరలేదు.