కంచె కాపాడని సీతాకోకచిలుక

బ్రిటన్‌లో ఏటా జూలై, ఆగస్టుల్లో జనం ఎండ కాసే చోట పావుగంట నిలబడి, కంటబడ్డ సీతాకోకచిలుకల్ని లెక్కపెడతారు. 2010లో బటర్‌ఫ్లై కన్జర్వేషన్ అనే సంస్థ మొదలుపెట్టిన పని ఇది. ఒంగోలు నుంచి చూస్తే కడుపు నిండినవాళ్ల కాలక్షేపంలా కనబడుతుంది. నిజానికి లెక్క విలువ తెలియాలంటే బ్రిటన్ చవిచూసిన ఒక ఓటమిని చూడాలి. అక్కడి కలవారు ఒకప్పుడు సీతాకోకచిలుకల్ని పట్టి, సూదులు గుచ్చి, పెట్టెల్లో దాచేవారు. 'లార్జ్ బ్లూ' అనే అరుదైన నీలిరంగు జాతి తరిగిపోతుంటే అందరూ వాళ్లనే నిందించారు. ఒకచోట కంచె కూడా వేశారు. కంచె మనుషుల్నే కాదు, పశువుల్నీ ఆపింది. మేసేవి లేక గడ్డి ఏపుగా పెరిగింది. 1950లలో మిక్సోమటోసిస్ రోగంతో కుందేళ్లు చావడంతో మిగతాచోట్లా అదే జరిగింది. ఈ జాతి గొంగళిపురుగు ఒకరకం ఎర్రచీమల పుట్టలో, వాటి పిల్లల్ని తిని పెరుగుతుంది. పొట్టి గడ్డి కింద నేల వెచ్చగా ఉంటేనే ఆ చీమలు బతుకుతాయి. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి లెక్కలు తీసి ఈ గుట్టు విప్పేసరికి ఆలస్యమైంది. 1979కల్లా ఆ జాతి బ్రిటన్‌లో అంతరించింది. పశువుల్ని మళ్లీ మేపి గడ్డిని అదుపులో పెట్టాక, 1983 నుంచి స్వీడన్ సంతతిని తెచ్చి నిలబెట్టారు. అభిమానం కట్టిన కంచె చేయలేనిది లెక్క చేసింది.

జాతులు తెలియనివాళ్ల పావుగంట లెక్క తప్పులతడక కాదా అంటే, కొంత నిజమే. అయితే 1976 నుంచే అక్కడ జాతుల్ని గుర్తుపట్టగల ఔత్సాహికులు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారం వారం ఒకే బాటలో నడిచి వేరే లెక్క కడుతున్నారు. 2024లో పావుగంట లెక్కకు సగటున 7 సీతాకోకచిలుకలే కనబడ్డాయి. ఆ ఏడాది వసంతం తడిసి ముద్దయింది కాబట్టి అదొక్కటే చూసి బెంబేలు పడనక్కర్లేదు. అయితే అది వాన చేసిన పనో, ఏళ్ల తరుగుదలో తేల్చాలన్నా పాత లెక్కలే దిక్కు.

పత్తికి మందు కొట్టే రైతుకు ఇదెందుకని మనవాళ్లు అడగొచ్చు. కాయల్ని తొలిచే గులాబీరంగు పురుగు రాత్రి తిరిగే రెక్కలపురుగు సంతానం; సీతాకోకచిలుకది కాదు. అలాగని సీతాకోకచిలుకలన్నీ అమాయకమైనవి కావు, నిమ్మ ఆకుల్ని కొరికేవీ ఉన్నాయి. జిల్లేడు మీద బతికే 'ప్లెయిన్ టైగర్' మాత్రం పంట జోలికి రాదు. మందు వేటిని చంపుతోందో, వేటిని వదిలేస్తోందో తెలియాలంటే లెక్క కావాలి. మన దేశంలోనూ 2020 నుంచి సెప్టెంబరును సీతాకోకచిలుకల మాసంగా జరుపుతున్నారు. ఒంగోలు కాలేజీ పిల్లలు ఏటా ఆ నెలలో ఒకే కాలవగట్టు మీద నడిచి రాసిపెడితే చాలు. మొదటి ఏడాది అంకె లేకపోతే, పదేళ్ల తర్వాత ఏం పోయిందో చెప్పే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.