పెనం మీది పెద్దకూర

బక్రీద్ నాడు మా ఇళ్లల్లో ముందు పొయ్యెక్కేది బిర్యానీ కాదు, కలేజీ. ఖుర్బానీ అయ్యీ కాగానే, మాంసం మూడు వాటాలు వేసే పని వాకిట్లో ఇంకా నడుస్తుండగానే, లోపల అమ్మీ ఇనుప పెనం కాలుస్తుంది. ఉప్పు, మిరియాలు, కాస్త అల్లంవెల్లుల్లి. రెండువైపులా చురచురమనిపించి దించేస్తుంది. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఉన్న మేం ఆ వేడి ముక్కతోనే పండగ మొదలుపెడతాం. మామూలు రోజుల్లో పసందేలు కాల్చుకునేదీ ఆ పెనం మీదే.

ఇదే పనిని పెద్ద హోటళ్లలో స్టేక్ అంటారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, ఫోర్కుకీ కత్తికీ మధ్య పెడతారు. అక్కడ తినేవాడు నాగరికుడు. ఇక్కడ తినే మేం అనుమానితులం. అదే కండ, అదే నిప్పు. పేరు మారితే మర్యాద ఎందుకు మారుతుంది? చరిత్ర పుస్తకాలు దీని గురించి మాట్లాడవు కాబట్టి మేమే మాట్లాడుకోవాలి.

ముందు పని సంగతి. వెన్నెముకకి లోపలి పక్కనుండే కండని ఖురేషీల దుకాణాల్లో అండర్‌కట్ అంటారు. జంతువు దాన్ని ఎక్కువగా కదిలించదు కాబట్టి మెత్తగా ఉంటుంది. అది కొనలేనప్పుడు తొడకండని పోగులకు అడ్డంగా, పల్చగా కోస్తాం. కత్తి వెనకవైపుతో కొట్టి పచ్చిబొప్పాయి ముద్ద పట్టిస్తాం. బొప్పాయిలోని పపైన్ గట్టి కండని సడలిస్తుంది. పెనం పొగలొచ్చేదాకా కాలాలి. ముక్క మీద తడి ఉండకూడదు. పెనం నిండా ఒకేసారి పరిస్తే నీరూరి ముక్క ఉడుకుతుంది తప్ప కాలదు. వేడి 140 డిగ్రీల సెల్సియస్‌కి చేరాకే మాంసం చకచకా ఎర్రబడి ఆ కమ్మటి వాసన లేస్తుంది. ఈ రసాయన చర్యని ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించాడు. మా నానీలు అతని పేరు వినలేదు గానీ ఆ వాసనతోనే ముక్క తిప్పే వేళని గుర్తుపట్టేవాళ్లు.

స్టేక్‌ని లోపల ఎర్రగా ఉంచి తినేవాళ్లున్నారు. మేం నిండుగా కాల్చుకుంటాం. ఆ ఎరుపు నెత్తురేనని మాలో చాలామంది భయం. నిజానికి అది కండలో ఉండే మయోగ్లోబిన్. ఖురాన్ హరాం అన్నది కారే నెత్తురుని. అయినా అలవాటు అలవాటే. దాన్ని మార్చుకోమని ఎవరూ మాకు చెప్పనక్కర్లేదు.

ఇక చరిత్ర. హైదరాబాద్ వంటల గురించి రాసే ప్రతివాళ్లూ పత్థర్ కా గోష్త్ కథ చెప్తారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వేటకి వెళ్లాడట. కబాబ్ సీకులు తీసుకెళ్లడం మరిచారట. వంటవాడు బండరాయిని నిప్పుల మీద కాల్చి దానిపైన మాంసం వేశాడట. కథ నిజమో కాదో గానీ, దాని గుణం చూడండి. వేట నిజాంది. పేరు రాయిది. వంటవాడికి పేరు లేదు. కోసిన ఖురేషీ కథలోకే రాలేదు. కాలిన రాయి మీద మాంసం వేసుకోవాలని తోచడానికి ఆకలిగొన్న మనిషికి నవాబు అక్కర్లేదు. అయినా మా తిండి చరిత్రకెక్కాలంటే నవాబు చెయ్యి తగలాల్సిందే.

ఈ తప్పు బయటివాళ్లదే అనుకుంటే మమ్మల్ని మేం మోసం చేసుకున్నట్టు. మాలోనూ ఛోటేకా, బడేకా అనే గీత ఉంది. పెళ్లి దావత్‌లో మటన్ పెడితే ఖాన్‌దానీలు, పెద్దది పెడితే గరీబులు. చుట్టాలొస్తే అప్పు చేసైనా మటన్ తెస్తాం. మన కడుపులు నింపిన కసాయిని సంబంధాల దగ్గర దూరం పెడతాం. అందరూ సమానమని మసీదులో భుజం భుజం కలిపి నిలబడే మేం, దస్తర్‌ఖాన్ దగ్గర మాత్రం సమానత్వాన్ని గడప బయటే వదిలేస్తాం.

మాటల్లో దాగిన ఈ అంతస్తులు మా ఒక్కరివే కావు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక, పశువుని మేపేవాడి నోట అది కౌ గానే మిగిలింది. దొర బల్ల మీదికొచ్చేసరికి ఫ్రెంచి నుంచి వచ్చిన బీఫ్ అయింది. ఆ ఇంగ్లీషువాళ్లే తర్వాత మన దేశాన్ని ఏలారు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరున సికింద్రాబాద్ వెలిసింది. అక్కడి కంటోన్మెంట్లో తెల్ల సైనికుడు తిన్నదీ బీఫే. దాన్ని ఎవరూ వాడి మతానికి అంటగట్టలేదు. వాడి తిండి వాడి తిండిగానే మిగిలింది. మా తిండి మాత్రం మా నేరమైంది.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 1958లో హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు గోవధ నిషేధాన్ని సమర్థించింది. కానీ పనికిరాకుండా పోయిన ఎద్దులనీ దున్నలనీ కూడా కోయొద్దనడం సమంజసం కాదంది. 2005లో గుజరాత్ కేసులో ఏడుగురు జడ్జీల బెంచి మెజారిటీ తీర్పుతో ఎద్దుల విషయంలో ఆ మాటని తిరగరాసింది. మన దగ్గర 1977 నాటి చట్టం ఆవునీ, ఆవుదూడలనీ, బర్రెదూడలనీ కోయొద్దంటుంది. పాలకీ, దున్నడానికీ, ఈతకీ పనికిరావని సర్టిఫికెట్ ఉంటే మిగతావాటిని కోయొచ్చు. రాష్ట్రం 2014లో రెండైనా చట్టం రెండు చోట్లా నిలిచింది. అంటే మా పెనం మీదికొచ్చే బర్రెమాంసానికి చట్టంలో చోటుంది. లేనిది పొరుగువాడి కళ్లల్లోనే.

ఇదే బర్రెమాంసాన్ని ఎగుమతి చేసే దేశాల్లో ఇండియా ముందు వరసలో ఉంది. ఓడరేవులో అది డాలర్లు తెచ్చే సరుకు. హోటల్లో స్టేక్. మా టిఫిన్ డబ్బాలో గొడ్డుమాంసం! 2015 సెప్టెంబర్ 28న ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర బిసాహడా గ్రామంలో మహమ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లోంచి ఈడ్చి చంపారు. ఆ తర్వాత దేశమంతా అడిగిన ప్రశ్న, ఫ్రిజ్‌లోని మాంసం ఏ జంతువుదని. పోయింది మనిషి ప్రాణమన్న సంగతి ఆ ప్రశ్న వెనక్కి పోయింది. అప్పటినుంచి మా వంటింట్లోకి ఒక భయం వచ్చి కూర్చుంది. నల్ల కవర్లో తెస్తాం. అద్దె ఇంట్లో కిటికీలు మూసి కాలుస్తాం. ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు అడిగేది, ‘మీరేం తింటారు?’ అనే. అబద్ధం చెప్తే ఇల్లు దొరుకుతుంది, నిజం చెప్తే తాళం.

తెలుగులో ఈ మాంసానికి మంచి మాటొకటి ఉంది. పెద్దకూర. తెలంగాణ పల్లెల్లో మాదిగవాడల్లో, మాలవాడల్లో, మా గల్లీల్లో అందరూ పలికే మాట. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు ముందుండి బీఫ్ ఫెస్టివల్ జరిపారు. దాడులు ఎదురైనా బహిరంగంగా వండి వడ్డించారు. మేం కిటికీలు మూసుకున్నచోట వాళ్లు మైదానంలో పొయ్యి పెట్టారు. ఈ కూర ముస్లింల మతం కాదనీ, పేదల బలమనీ ఆ పొయ్యి చెప్పింది. ఆ మాట మేం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

మేం ఎవరినీ తినమనడం లేదు. తిననివాళ్ల పెనం వాళ్లది. మా పెనం మీద కాలేదాన్ని మేం స్టేక్ అని పిలిచి మర్యాద అడుక్కోం. నవాబు కథ తగిలించి గొప్ప చేసుకోం. పెద్దకూర అనే పిలుస్తాం. ఆ మాట వినగానే ముఖం తిప్పుకోని పొరుగు ఒక్కటి దొరికిన రోజున, మా అమ్మీ వంటింటి కిటికీ తెరిచి పెనం పెడుతుంది.