రేడియో గ్లైడర్ క్లబ్బు

ఇంజను లేని నమూనా విమానాలను నేల మీద నిలబడి రేడియోతో నడిపేవాళ్లు కలిసి పెట్టుకునే సంఘం. పది పదిహేను మంది ఉంటే నడిచిపోతుంది. రెండు మీటర్ల రెక్కలున్న గ్లైడరు బరువు సాధారణంగా కిలో లోపే. చప్పుడు చెయ్యదు, పెట్రోలు తాగదు. పైకి పంపడానికి సాగే తాడు, పైన నిలవడానికి వెచ్చటి గాలి ఉంటే సరిపోతుంది. అన్నిటికంటే కష్టంగా దొరికేది ఖాళీ నేల. నిజామాబాద్ జిల్లా వర్ని వంటి కాలువ కింది ఊళ్లలో అది ఏడాదికి కొన్ని వారాలే కంటపడుతుంది. అందుకని ఈ చుట్టుపక్కల క్లబ్బు పెట్టాలనుకునేవాళ్లు విమానం కొనేముందు నిజాంసాగర్ నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో కనుక్కోవాలి. ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ ఆ ఆయకట్టు నేలవే.

పుట్టుక

నమూనా విమానాన్ని రేడియోతో నడపడం 1930లలో మొదలైంది. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవలలు 1937లో ఎగరేసిన ‘గఫ్’ ఆ తొలి తరానిది. ఇంజను ఉన్న విమానం అది, ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ట్రాన్సిస్టర్లు వచ్చి రేడియో సామాను తేలికపడ్డాక గ్లైడర్లకు మంచి రోజులు వచ్చాయి.

పాత సెట్లలో ఒక్కో ట్రాన్స్‌మిటర్‌కు ఒక్కో చానల్. ఒకరి విమానం గాల్లో ఉండగా అదే చానల్‌లో ఇంకొకరు స్విచ్ వేస్తే పైనున్నది రాయిలా పడేది. అందుకే ప్రతి క్లబ్బు మైదానంలో ఒక చెక్కబల్ల, దాని మీద చానల్ నంబర్లు రాసిన క్లిప్పులు ఉండేవి. క్లిప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లే స్విచ్ వెయ్యాలి. 2000 దశకం మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు రావడంతో ఈ బాధ తీరింది. రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది, పక్కవాళ్ల గోల పట్టించుకోదు. మన దేశంలో ఈ బ్యాండును తక్కువ శక్తితో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతి ఇచ్చారు. బల్ల పోయింది కానీ, దాంతోపాటు మైదానానికి రాగానే పదిమందితో మాట్లాడి గాని స్విచ్ ముట్టని అలవాటూ పోయింది. అది లోటే.

ప్రపంచంలో ఈ ఆటకు పోటీ నియమాలు రాసేది 1905లో పుట్టిన ఎఫ్ఏఐ అనే అంతర్జాతీయ వైమానిక సమాఖ్య. అందులో మన దేశానికి ప్రాతినిధ్యం 1927లో ఏర్పడిన ఏరో క్లబ్ ఆఫ్ ఇండియాది. తెలుగు కుర్రాళ్లకు నమూనా విమానం చేతికందే దారుల్లో పాతది ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. 1950లో మొదలైన ఈ విభాగంలో క్యాడెట్లకు ఏరోమోడలింగ్ నేర్పుతారు. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో పోటీలు కూడా పెడతారు. కాలేజీలో రెండేళ్లు ఎయిర్ వింగ్‌లో ఉండి వచ్చినవాళ్లు ఊళ్లో ఇద్దరున్నా క్లబ్బుకు సగం పని అయిపోయినట్టే.

నేల, నీళ్లు, గాలి

మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని కాలువల కింద బోధన్, వర్ని వైపు నేలంతా మాగాణి అయింది. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వరి, చెరకు ఇక్కడి పంటలు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, 2015 డిసెంబరులో మూతబడింది. ఫ్యాక్టరీ పోయాక చెరకు చాలాచోట్ల వరికి దారి ఇచ్చింది. గ్లైడర్ల లెక్కలో ఇది చిన్న మార్పేమీ కాదు. చెరకు నిలబడ్డ చేనులో ఏడాది పొడవునా విమానం దించలేం. వరి కోస్తే మాత్రం ఎకరాలకు ఎకరాలు ఒక్కసారిగా బయటపడతాయి.

గ్లైడరు నిజానికి ఎప్పుడూ కిందికే జారుతూ ఉంటుంది. మంచి రెండు మీటర్ల మోడల్ సెకనుకు దాదాపు అర మీటరు దిగుతుంది. కదలని గాలిలో వంద మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మూడు, నాలుగు నిమిషాల్లో నేల మీదికి వచ్చేస్తుంది. అరగంట ఎగరాలంటే చుట్టూ ఉన్న గాలే అంతకన్నా వేగంగా పైకి లేవాలి. ఎండకు నేల వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి, బుడగలా లేస్తుంది. దీన్ని థర్మల్ అంటారు. నీళ్లు నిలిచిన మడిలో ఎండ శక్తిలో ఎక్కువ భాగం నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది, గాలిని వేడి చెయ్యడానికి మిగిలేది కొంచెమే. కాబట్టి నాట్లు వేసిన నెలల్లో వర్ని చుట్టూ ఆకాశం ఎంత నీలంగా ఉన్నా గ్లైడరుకు బలం ఇవ్వదు. దున్నిన చెలక, తారు రోడ్డు, బియ్యం మిల్లు సిమెంటు కల్లం, మిల్లు రేకుల కప్పు ఇస్తాయి. పచ్చని మడి అంచున ఎండిన నేల మొదలయ్యే గెట్టు మీద కన్నేసి ఉంచితే ఎక్కువసార్లు ఫలితం ఉంటుంది.

మిగతా ఆనవాళ్లు పల్లెలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండిన చెత్తను గిరగిరా తిప్పుతూ పోయే సుడిగాలి ఒక థర్మల్ పాదమే. రెక్క ఆడించకుండా వలయాలు తిరుగుతున్న గద్ద ఇంకొకటి. హార్వెస్టర్ వెనక లేచే పురుగుల కోసం వచ్చిన పక్షులు దిగడం మానేసి పైకి తేలుతున్నాయంటే అక్కడికే గ్లైడరును మళ్లించాలి. గద్దకు ఈ విమానం ఒక్కోసారి నచ్చదు. కాళ్లు చాచి మీదికి వస్తే ముక్కు దించి పక్కకు పోవడమే మర్యాద.

కోతల తర్వాత ఇక్కడ రెండు అదనులు దొరుకుతాయి. వానాకాలం వరి కోసింది మొదలు యాసంగి నాట్లకు మడులు తడిపేదాకా ఒకటి. అప్పుడు పొద్దున గాలి కదలదు, చలికి బరువుగా ఉంటుంది, థర్మల్స్ పదింటికి గాని రావు. కొత్తవాళ్లకు నేర్పడానికి ఇంతకు మించిన కాలం లేదు. రెండోది యాసంగి కోతల నుంచి తొలకరి దాకా. ఇది చెయ్యి తిరిగినవాళ్ల కాలం. ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, థర్మల్స్ మోటుగా ఉంటాయి, మధ్యాహ్నం నల్లరంగు రెక్కల మీది ప్లాస్టిక్ పొర మెత్తబడి ముడతలు పడుతుంది. పొద్దున పదింటి లోపు, సాయంత్రం నాలుగు దాటాక ఎగరేస్తే మనిషికీ మంచిదే, మోడల్‌కీ మంచిదే.

గాలి గుట్టను తాకి పైకి లేచే చోట కూడా గ్లైడరు నిలుస్తుంది. వర్ని దగ్గర జలాల్‌పూర్ బడాపహాడ్ గుట్ట చూస్తే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. అయితే గుట్ట మీది దర్గాకు పోయే మెట్ల మీద యాత్రికులు నడుస్తుండగా వాళ్ల తలల మీద విమానం తిప్పడం తప్పు.

పొలం అడగడం

పొలం రైతుదే, క్లబ్బుది కాదు. కోసిన మడికి అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. అయినా ముందు రోజు ఇంటికి పోయి “కాకా, రేపు పొద్దుగాల మీ మడిలో విమానాలు ఎగరేసుకుంటం” అని అడిగి రావాలి. రైతు సాధారణంగా ఒప్పుకుంటాడు, ఒక మాట కూడా అంటాడు: “గడ్డికి నిప్పు తగలనీయకుండ్రి.” ఎండుగడ్డిలో పాడైన లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం గనుక క్లబ్బు ఆ మాటను రాతపూర్వక నియమంగా పెట్టుకోవాలి. ఛార్జింగ్ మడిలో కాదు, రోడ్డు మీద, ఇసుక బకెట్ పక్కన. గొర్రెల మంద మడిలో దిగి ఉంటే ఆ రోజుకు అక్కడ ఆట లేదు.

హార్వెస్టర్ కోసిన పొలంలో కొయ్యలు జానెడు ఎత్తున, బిరుసుగా నిలబడతాయి. వాటి మీద దిగితే గ్లైడరు పొట్ట చీరుకుపోతుంది. ట్రాక్టర్ చక్రాలు తొక్కి అణిచిన పట్టీ ఒకటి చూసుకుని దాన్ని దిగే చోటుగా గుర్తు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు చూడాల్సింది వైర్లు. వ్యవసాయ మోటార్లకు పోయే 11 కేవీ లైను దూరం నుంచి కంటికి ఆనదు. స్తంభాలను లెక్కపెట్టి, లైను ఏ వైపు పోతుందో వచ్చిన ప్రతి కొత్తవాడికీ చెయ్యి చాచి చూపించాలి. తీగకు తగులుకున్న మోడల్‌ను కర్రతో లాగబోవద్దు. లైన్‌మన్‌కు ఫోను చెయ్యాలి, ఆయన వచ్చేదాకా చెట్టు నీడన కూర్చోవాలి.

సామాను

బాల్సా చెక్క దిగుమతి సరుకు. మొదటి గ్లైడరుకు అది అక్కర్లేదు. థర్మోకోల్ లేదా ఫోమ్ షీటు రెక్క, మధ్యలో వెదురు బద్ద లేదా కార్బన్ గొట్టం, మీద ప్యాకింగ్ టేపు. పంక్చర్ షాపుల్లో, చెప్పుల షాపుల్లో వాడే రబ్బరు జిగురు థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. తెల్ల ఫెవికాల్ అయితే ఆలస్యంగా ఆరినా రెక్కను తినదు. ఈ ఒక్క సంగతి తెలియక పాడుచేసుకున్న రెక్కలు ప్రతి క్లబ్బులోనూ ఒకటైనా ఉంటాయి.

గ్లైడరు బతకడం, చావడం బ్యాలెన్స్‌లో ఉంది. రెక్క ముందంచు నుంచి వెడల్పులో మూడో వంతు దగ్గర రెండు వైపులా చూపుడు వేళ్లు పెట్టి ఎత్తితే, ముక్కు కొద్దిగా కిందికి వంగి నిలవాలి. తోక బరువైతే ముక్కులో బ్యాటరీని ముందుకు జరపాలి, చాలకపోతే సీసం ముక్క అంటించాలి. తర్వాత నిలువెత్తు నుంచి, గాలికి ఎదురుగా, విసరకుండా తోసి వదలాలి. ఇరవై అడుగులు బాణంలా పోయి మెత్తగా కొయ్యల మీద వాలితే సరే. లేచి ఆగి పడితే తోక బరువు ఇంకా ఉంది. తోకలోని చిన్న సర్వో మోటార్లు సరైన వైపు తిరుగుతున్నాయా అనేది ప్రతి ఎగరవేతకు ముందూ చూడాల్సిందే. కుడి అంటే కుడి. ముక్కును ఎత్తి దించే తోక పలక, అంటే ఎలివేటర్, తారుమారుగా కలిపిన విమానానికి రెండో అవకాశం ఉండదు.

పైకి పంపడం

సాయం లేకుండా ఒక్కరే ఎగరేసేవాళ్లు రెక్క కొస పట్టుకుని, గిరుక్కున తిరిగి విసురుతారు. క్లబ్బుల్లో ఎక్కువగా వాడేది బంగీ. 30 మీటర్ల రబ్బరు గొట్టం, దానికి 120 మీటర్ల నైలాన్ తాడు, చివర ఇనుప రింగు, రింగుకు దగ్గరలో చిన్న గుడ్డ గొడుగు. రబ్బరు కొసను గాలి వచ్చే వైపు గడ్డపారకు కట్టి నేలలో దిగగొడతారు. గడ్డపార ఏటవాలుగా, లాగే దిక్కుకు వ్యతిరేకంగా వంగి ఉండాలి. మెత్తటి మాగాణి మట్టిలో అది ఊడితే రబ్బరు దాన్ని విసిరికొడుతూ తెచ్చి లాగేవాడి మీద పడేస్తుంది. అందుకే రెండో గడ్డపార, దానికో అడ్డతాడు తప్పనిసరి. లాగే తాడు వరసలో మనుషులు నిలబడకూడదు.

రింగును విమానం పొట్ట కింది కొక్కేనికి తగిలించి వెనక్కి నడుస్తారు. లాగుడు మోడల్ బరువుకు మూడు, నాలుగు రెట్లు కావాలి. స్ప్రింగు కాటా పెట్టి ఒకసారి చూసుకుంటే ఎన్ని అడుగులు నడవాలో లెక్క తెలిసిపోతుంది. వదలగానే గ్లైడరు పతంగిలా ముక్కెత్తి నిట్టనిలువుగా పోతుంది. రబ్బరు బలం తగ్గి, తాడు తలమీదికి వచ్చినప్పుడు రింగు తనంతట తను జారిపోతుంది, గుడ్డ గొడుగు దాన్ని మెల్లగా దింపుతుంది. సంక్రాంతికి డాబాల మీద పతంగులు ఎగరేసిన చేతులకు ఈ లాగుడు తొందరగా పట్టుబడుతుంది. గాజుపొడి మాంజా మాత్రం ఇక్కడ పనికిరాదు. సింథటిక్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. గ్లైడరు తాడు వేరే రకం, పూత లేనిది. ఆట అయ్యాక దాన్ని చుట్టి ఇంటికి తీసుకుపోవాలి, పొలంలో వదిలేస్తే పశువుల కాళ్లకు చుట్టుకుంటుంది.

కట్టుబాట్లు, చట్టం

ఎగరేసేవాళ్లందరూ ఒక వరసలో, జనానికి వీపు చూపి నిలబడతారు. విమానం ఆ వరస దాటి వెనక్కి రాకూడదు. దింపేవాడు “దిగుతున్నా” అని గట్టిగా అరవాలి. ఎగరేసేవాడి కళ్లు విమానం మీదే ఉంటాయి కాబట్టి పక్కన ఒక మనిషి నిలబడి పిల్లలను, బర్రెలను, వచ్చే బండ్లను చూస్తూ చెబుతుండాలి. ట్రాన్స్‌మిటర్ శక్తి తగ్గించి ముప్పై అడుగులు నడిచి రేంజ్ పరీక్ష చెయ్యడం రోజూ మొదటి పని.

డ్రోన్ల నియమాలు 2021లో వచ్చాయి. ఇంజను లేకపోయినా రేడియోతో నడిచే గ్లైడరు వాటి కిందికే వస్తుంది. 25 కిలోల లోపు ఉండి, వినోదానికో చదువుకో వాడుతూ, కంటికి కనిపించే దూరంలోనే నడిపేవాటిని ఈ నియమాలు నమూనాలుగా గుర్తించి టైప్ సర్టిఫికెట్ నుంచి మినహాయించాయి. 2 కిలోల లోపు వాటిని వ్యాపారం కాని పనికి నడిపితే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా వెళ్లవచ్చు. ఏ ఊరు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ గగనతల పటంలో ఎగరేసే రోజే చూసుకోవడం మేలు. థర్మల్‌లో పడిన గ్లైడరు 400 అడుగులు ఇట్టే దాటేస్తుంది. ఎత్తు చెప్పే పరికరం ఉంచుకుని, దాటబోయేముందే బ్రేకులు వేసి దించాలి.

సంఘాన్ని రిజిస్టర్ చేసుకుంటే పొలం, కాలేజీ మైదానం అడగడం సులువవుతుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులు సరిపోతారు. తెలంగాణలో అంతకుముందు 1350 ఫస్లీ నాటి చట్టం ఉండేది. పోటీల మీద మోజున్నవాళ్లకు ఎఫ్ఏఐ తరగతులున్నాయి. చేత్తో విసిరే ఎఫ్3కెలో రెక్కల పొడవు 1.5 మీటర్లు మించకూడదు. పైకి ఎక్కడానికి మాత్రం మోటారు వాడే ఎఫ్5జెలో అది 30 సెకన్లే తిరగాలి, ఎక్కిన ఎత్తుకు మీటరుకు ఇంత అని మార్కులు కోస్తారు. వేగంగా పైకి పోవడం కన్నా తక్కువ ఎత్తులో గాలిని పసిగట్టడానికే అక్కడ విలువ.

చెరకులో పడితే

పక్క చేనులో చెరకు ఉంటే ఏదో ఒక రోజు గ్లైడరు అందులో పడుతుంది. ఆ క్షణంలో ఎగరేసేవాడు పరుగెత్తకూడదు. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, అది మాయమైన దిక్కులో దూరంగా కనిపించే ఒక చెట్టునో, స్తంభాన్నో గుర్తుపెట్టుకోవాలి. వేరేచోట నిలబడ్డ ఇంకొకరు తమ గుర్తు చెప్పాలి. రెండు గీతలు కలిసిన చోట వెతకాలి. చెరకు తలపైకి ఉంటుంది, సాలు మారితే పక్క మనిషే కనపడడు. ఆకు అంచు చేతులు కోస్తుంది, పాములుంటాయి కాబట్టి బూట్లు, నిండు చేతుల చొక్కా వేసుకుని, కర్రతో తట్టుకుంటూ పోవాలి. ఒకరు గెట్టు మీద ఉండి ట్రాన్స్‌మిటర్ కర్ర ఆడిస్తుంటే లోపలున్నవాళ్లకు సర్వోల గీ గీ శబ్దం వినిపిస్తుంది. బ్యాటరీ అయిపోకముందే దొరకాలి. విరిగిన గడలకు రైతుకు డబ్బు ఇచ్చి రావడం క్లబ్బు ఖర్చు, పారేసుకున్నవాడి ఒక్కడిది కాదు.

కాలువకు నీళ్లు వదిలిన వారంలో మైదానం మళ్లీ మడి అవుతుంది. అప్పటి నుంచి మరమ్మతుల కాలం. లిథియం బ్యాటరీలను నిండుగా కాక సగం ఛార్జితో దాచాలి. రెక్కలను వడ్ల బస్తాల పక్కన గోడకు ఆనిస్తే ఎలుకలు ఫోమ్‌ను నెల లోపు కొరికేస్తాయి. వాసానికి తాడు కట్టి వేలాడదీయాలి.