కుంటాల రద్దీకి దూరంగా.. పొచ్చెర

వానలు ఊపందుకోగానే ఆదిలాబాద్‌ జిల్లా కుంటాల జలపాతానికి సందర్శకులు పోటెత్తుతారు. నేరడిగొండ మండలంలో కడెం నదిపై సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే ఈ జలధార కనువిందు చేస్తుంది. అయితే ఆదివారాలు, సెలవుదినాల్లో వాహనాలు బారులు తీరుతాయి. దాదాపు 400 మెట్లు దిగి, తిరిగి ఎక్కడం వృద్ధులకు, చిన్నారులకు ప్రయాసే. కాస్త ప్రశాంతత కోరుకునేవారికి బోథ్‌ మండలంలోని పొచ్చెర జలపాతం అనువైనది.

ఎలా చేరుకోవాలి?

పొచ్చెర ఆదిలాబాద్‌ నుంచి సుమారు 47, నిర్మల్‌ నుంచి 37 కిలోమీటర్ల దూరంలో ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి నుంచి పక్కకు మళ్లి దాదాపు 7 కిలోమీటర్లు వెళ్లాలి. కుంటాల నుంచైతే 22 కిలోమీటర్లు. వర్షాకాలం మొదలుకొని డిసెంబరు వరకు చూడదగిన సమయం. పనిదినాల్లో ఉదయమే చేరుకుంటే రద్దీ బెడద ఉండదు.

అందంతోపాటే అపాయం

ఇక్కడ నీరు బండరాళ్లపై విశాలంగా పరచుకొని సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి జాలువారుతుంది. ఎత్తు తక్కువని తేలిగ్గా తీసుకోరాదు. దిగువన మడుగు చాలా లోతైనది. నాచు పట్టిన రాళ్లపై కాలు జారితే ప్రాణాలకే ముప్పు. కుంటాలలో గుండాల లోతు తెలియక ఈతకు దిగిన పలువురు ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు మరువరాదు. ఎగువన వాన కురిస్తే ఇక్కడ ఎండగా ఉన్నా ప్రవాహం హఠాత్తుగా పెరుగుతుంది. తేటనీరు ఎర్రబారినా, చెత్తాచెదారం కొట్టుకొచ్చినా తక్షణం ఒడ్డుకు చేరాలి.

మోసపోకుండా..

ఒక్కరోజులోనే అన్ని జలపాతాలూ చూపిస్తామనే ప్యాకేజీలను నమ్ముకుంటే సమయమంతా ప్రయాణానికే సరిపోతుంది. హైదరాబాద్‌ నుంచి రానుపోను 500 కిలోమీటర్లు దాటుతుందన్నది గుర్తుంచుకోవాలి. ముందురోజే నిర్మల్‌ లేదా ఆదిలాబాద్‌లో బస చేయడం మేలు. ఆటో మాట్లాడుకునేటప్పుడు నిరీక్షణ సమయంతో కలిపి తిరుగు ప్రయాణానికీ ఛార్జీ ముందే ఖరారు చేసుకోవాలి. రుసుము చెల్లిస్తే రసీదు అడగాలి. కంచె దాటించి దగ్గరగా చూపిస్తామనేవారి వెంట వెళ్లరాదు. భోజనం, తాగునీరు వెంట తెచ్చుకోవాలి. పొణికి కర్రతో చేసే నిర్మల్‌ బొమ్మలు కొనదలిస్తే నిర్మల్‌లోని తయారీ కేంద్రంలోనే తీసుకుంటే నకిలీల బెడద ఉండదు, సొమ్ము కళాకారులకు చేరుతుంది.

ప్లాస్టిక్‌ సీసాలు, మద్యం సీసాలు అక్కడే పారేయరాదు. ఆ నీరు దిగువ పల్లెలకు, పశువులకు ఆధారం. చీకటి పడకముందే తిరుగుముఖం పట్టడం శ్రేయస్కరం.