రోకటిపాట రేడియో కెక్కిన కథ

పల్నాటి పాట యనగానే పై ప్రాంతములవారికి కత్తులు, కోడిపందెము గుర్తునకు వచ్చును. కార్తికమాసమున కారెంపూడిలో వీరుల ఉత్సవములు జరుగునపుడు వీరవిద్యావంతులు పాడు కథ అట్టిది. అక్కిరాజు ఉమాకాంతము పండితులు 1911లో పల్నాటి వీరచరిత్రమును అచ్చువేయించిన నాటినుండి ఆ కథకు సాహిత్యములో పీఠము కూడ దొరకినది. మంచిదే. కాని కృష్ణ యొడ్డున మా అచ్చంపేట ప్రాంతమున కలుపుతీతలోను, పత్తితీతలోను, రోటిదగ్గరను ఆడవారు పాడుకొను పాటకు పీట వేసిన వారెవరు? బ్రహ్మనాయుని కథకు దొరకిన గౌరవము వడ్లు దంచు పాటకు ఎట్లు దొరకినది? దీనికి సమాధానమును వెదకుచు మేము పల్నాడు దాటి కాకినాడ వరకు పోవలసివచ్చినది. అక్కడ నొక విద్వత్కుటుంబమున పుట్టిన అక్కచెల్లెండ్రు వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి గార్ల చరిత్రలో ఆ సమాధానము చాలవరకు కలదు.

అనసూయాదేవిగారు 1920 మే 12న జన్మించిరి. తండ్రి లక్ష్మీనరసింహారావుగారు నాటకరంగమున పేరుపొందిన నటులు, పండితులు. తల్లి వెంకటరత్నమ్మగారు 'అనసూయ' యను స్త్రీల పత్రికను నడపిన విదుషి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మేనమామ. ఇట్టి యింట పుట్టిన బాలికలకు సంగీతము వచ్చుట వింత కాదు. శాస్త్రీయ సంగీతము నేర్చిన ఆ గొంతులు కూలిజనుల పాటకు తలయొగ్గుట వింత. మేనమామ భావగీతములకు వరుసలు కట్టి పాడిన నోటితోనే వారు దంపుళ్లపాటను, జోలపాటను, పడవవాని పాటను సభలలో పాడిరి. ఆ కాలమున సభలోని పెద్దలకు జానపదమనిన మోటు. త్యాగరాజ కీర్తన విన్న చెవితో దానిని వినుట పలువురకు కష్టమయ్యెను. అయినను వారు కచేరీ చివర సరదాకు పాడు తుకడాగా గాక, జానపదమునే కచేరీగా నిలబెట్టిరి. వారి జీవితములో అన్నిటికన్న పెద్దపని యిదియే యని మా యభిప్రాయము.

ఇద్దరుండుట ఈ పాటకు ఎంతయో కలిసివచ్చినది. రోకటిపాట ఒంటిగొంతు పాట కాదు. ఒకరు ఎత్తుకొనవలెను, ఒకరు అందుకొనవలెను. ఒక రోకలి లేచునపుడు ఇంకొకటి దిగవలెను. ఒకే యింట ఒకే యాసలో పెరిగిన గొంతులకు ఈ అందుకొనుట తేలిక. ఊపిరి ఎక్కడ తీయవలెనో ఒకరికొకరు చెప్పుకొన పనిలేదు. అనసూయాదేవిగారి హార్మోనియము, ఇద్దరి గాత్రము, తాళమునకు తబలా ఉన్న చాలును; పెద్ద వాద్యబృందముతో పనిలేదు. ఇంగ్లండులోను తోబుట్టువుల బృందములకు కొదువలేదు. 1991లో మాంచెస్టరున వెలసిన ఒయాసిస్ బృందమును నడపిన గాలగర్ సోదరులు 2009లో విడిపోయి, మరల 2025లో గాని ఒక వేదిక యెక్కలేదు. ఒకే రక్తము స్వరమును కలుపునంత సులభముగా మనసులను కలుపదు కాబోలు! మన సోదరీమణుల దారులును పిమ్మట వేరయ్యెను గాని, అది ఉద్యోగముల వలనను, సంసారముల వలనను.

జాతీయోద్యమ సభలలో పాడుటతో వారి పేరు మొదట దేశమున వ్యాపించినది. కృష్ణశాస్త్రిగారి 'జయజయజయ ప్రియభారత' గీతమునకు వరుస కట్టినవారు అనసూయాదేవిగారని ప్రసిద్ధి. ఆపైన రేడియో వచ్చినది. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. సినిమా కంపెనీల ఆసరా లేకయే ఒక పాట తెలుగునాడంతట మారుమ్రోగుటకు మార్గము దొరకినది. మదరాసునుండి వారు పాడిన పల్లెపాటను, పల్లె విడిచి పట్టణము చేరిన కుటుంబములు వినెను.

ఇచట ఒక చిక్కు ప్రశ్న యున్నది. చేలో పాటకు కొలత పని. చాలు ముగియువరకు పాట సాగును, చాలకున్న అక్కడికక్కడ చరణము పుట్టును. గ్రామఫోను పలక యొక ప్రక్క మూడు నిముషములు మాత్రమే తిరుగును. రేడియోలో గడియారమే యజమాని. కనుక చరణములు తగ్గినవి, మాట సవరింపబడినది, రోకలిపోటు తబలాదెబ్బ యైనది. అంతకన్న పెద్ద నష్టము వేరొకటి. పాడిన విదుషుల పేర్లు మనకు తెలిసినవి. ఆ పాటను మొట్టమొదట కట్టిన కూలిస్త్రీ పేరు తెలియదు. 'జానపదము' అను మాటయే ఆమె సంతకమునకు బదులు నిలిచినది. ఈ లోపము సోదరీమణులది కాదు, ఆ కాలపు పద్ధతిది. వారు పాడకున్న ఆ పాటలలో ఎన్నియో పేరుతోపాటు ప్రాణమును కూడ పోగొట్టుకొనెడివి. నేదునూరి గంగాధరముగారు ఊరూర పాటలను సేకరించిరి. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపద గేయములపై పరిశోధన చేసిరి. కాని కాగితము మీది పాటకు గొంతు ఉండదు గదా!

పిదప సీతాదేవిగారు హైదరాబాదు ఆకాశవాణి కేంద్రమున జానపద సంగీత ప్రయోక్తగా పనిచేసిరి. తెలంగాణ రైతాంగ పోరాటమును చూపుచు 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రమునకు సంగీతము కూర్చినవారిలో ఆమె యొకరు. ఒకనాడు సభాపెద్దలు మోటనిన బాణీ ఆ చిత్రమున పోరుపాటయై నిలిచినది. అనసూయాదేవిగారు పాటలను స్వరలిపితో గ్రంథస్థము చేసిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆమెను కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. కుమార్తె రత్నపాప కూచిపూడి నర్తకిగా స్థిరపడిన అమెరికాలోని హూస్టను నగరమునకు తానును చేరి, అక్కడి తెలుగువారికి ఈ పాటలను నేర్పిరి. సీతాదేవిగారు 2016లోను, అనసూయాదేవిగారు 2019 మార్చి 23న హూస్టనులోను కన్నుమూసిరి.

మా ప్రాంతమున నేడు వడ్లు మిల్లునకే పోవును. రోకలి అటకమీద నుండును. పెండ్లియింట పసుపు దంచునాడు మాత్రము దానిని దింపి, కడిగి, బొట్టుపెట్టి, కంకణము కట్టుదురు. ముత్తైదువులు చెరియొక ప్రక్క నిలిచి రోకలి యెత్తగా, పెద్దామె యెవరో పాట నెత్తుకొనును. తక్కినవారు వచ్చినంతవరకు అందుకొందురు.